కత్తిపోటు తిన్న మనిషికి సాయం చేయకపోతే నేరమా? చేస్తే మనమే కేసులో ఇరుక్కుంటామా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర రాత్రి టీ బండి ముందు ఇద్దరు ఒకతన్ని పొడిచి బైక్ మీద పారిపోయారు. చుట్టూ చాలామంది ఉన్నారు, మీరూ ఉన్నారు. ఎవరో 108కి ఫోన్ చేశారు. మీరు ఫోన్లో కొన్ని సెకన్లు వీడియో తీసి, భయమేసి వెళ్లిపోయారు. అతను బతికాడని తర్వాత తెలిసింది. ఇప్పుడు మీకున్న అనుమానాలు: సాయం చేయనందుకు కేసు పెడతారా, చేసి ఉంటే ఇరుక్కునేవారా, ఆ వీడియో తీసేయొచ్చా, విదేశాల్లో ఉన్నట్టు మన దగ్గరా చట్టం ఉందా.

ముందు జవాబు. సాయం చేయనందుకు మీ మీద కేసు రాదు. దారిన పోయేవాడు గాయపడిన అపరిచితుణ్ని కాపాడి తీరాలనే సాధారణ చట్టం మన దేశంలో లేదు. సాయం చేసి ఉంటే మీరు నిందితుడు అయ్యేవారు కాదు, మహా అయితే సాక్షి అయ్యేవారు. వీడియో మాత్రం డిలీట్ చేయకండి. ఎందుకో కింద చెబుతాను.

నేను నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో, ఎల్బీ నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో ప్రాక్టీస్ చేస్తాను, ఎక్కువగా డిఫెన్స్ వైపు. మీలాంటి సాక్షులను బోనులో నిలబెట్టి క్రాస్ చేయడమే (ఎదురు ప్రశ్నలు వేయడమే) నా పని. అందుకే సాక్షి కష్టం ఎక్కడ ఉంటుందో, ఎక్కడ ఉండదో కాస్త దగ్గరి నుంచి తెలుసు.

చట్టం ఎందుకు లేదు

మన శిక్షాస్మృతికి 1837లో మెకాలే నాయకత్వంలో ముసాయిదా తయారైనప్పుడే ఈ ప్రశ్న వచ్చింది. ఒక పని చేయకపోవడం ఎప్పుడు నేరం? వాళ్లు తీసుకున్న ఉదాహరణల్లో ఒకటి కలకత్తాలో ఉన్న శస్త్రవైద్యుడిది. మీరట్‌లో ఒకరికి ఆపరేషన్ చేయాలి, దేశం మొత్తంలో అది చేయగలిగినవాడు ఇతనొక్కడే, అయినా వెళ్లనన్నాడు. రోగి చనిపోతే హత్య చేసినట్టా? కాదు, అన్నారు. చేయాల్సిన బాధ్యతను చట్టం ముందే నెత్తిన పెట్టి ఉంటేనే చేయకపోవడం నేరమవుతుందని తేల్చారు. 1860లో వచ్చిన ఐపీసీ (భారత శిక్షాస్మృతి) ఆ దారిలోనే నడిచింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా దాన్ని మార్చలేదు.

మీరు విన్న విదేశాల సంగతి నిజమే. జర్మనీ శిక్షాస్మృతిలో 323సి సెక్షన్ కింద, ప్రమాదంలో ఉన్నవాడికి తనకు అపాయం లేకుండా చేయగలిగిన సాయం చేయకపోతే ఏడాది వరకు జైలు. ఫ్రాన్స్‌లో అయిదేళ్ల దాకా ఉంది. అలాంటి చట్టం ఇక్కడా రావాలని మా బార్ అసోసియేషన్‌లో టీ తాగుతూ వాదించుకునేవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం ఇష్టం లేదు. అలాంటి సెక్షన్ చేతికొస్తే మన దగ్గర ముందుగా బలయ్యేది ఆ టీ బండివాడే. కార్లో అద్దాలు ఎత్తుకుని వెళ్లిపోయినవాడి జోలికి ఎవరూ పోరు.

అయితే కొందరికి బాధ్యత ఉంది

తల్లిదండ్రులకు పిల్లల పట్ల, పోలీసుకు అందరి పట్ల, డాక్టరుకు తన దగ్గరికి వచ్చినవాడి పట్ల, వాచ్‌మన్, వార్డెన్ లాంటివాళ్లకు వాళ్ల ఉద్యోగాన్ని బట్టి. వాహనం నడుపుతూ ఎవరినైనా గుద్దితే, తప్పు ఎవరిదైనా సరే, గాయపడినవాడిని ఆసుపత్రికి చేర్చేందుకు చేతనైనదంతా చేయాలని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెబుతుంది. జనం ఎగబడి కొట్టేలా ఉంటే ఆగకపోవచ్చు, అది వేరే. కానీ వెళ్లిపోయి పోలీసులకు కూడా చెప్పకపోతే 187 కింద ఆరు నెలల దాకా జైలు ఉంది.

పిల్లల మీద లైంగిక నేరమైతే బాధ్యత అందరిదీ. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే 21 కింద శిక్ష. బడి పరువు, బంధువుల పరువు అంటూ నా ఆఫీసుకు వచ్చి సలహా అడిగేవాళ్లకు నేను చెప్పే మాట ఒక్కటే: ముందు వెళ్లి చెప్పి రండి, సలహా తర్వాత.

చెప్పాల్సిన బాధ్యత: ఇక్కడ ఒక విచిత్రం ఉంది

సాయం చేయడం వేరు, పోలీసులకు సమాచారం ఇవ్వడం వేరు. రెండోది చట్టంలో ఉంది. పాత సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి)లో 39, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 33. కొన్ని నేరాలు జరిగాయని, లేదా జరగబోతున్నాయని తెలిస్తే ఎవరైనా సరే వెంటనే దగ్గరి పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పాలి. చెప్పకపోతే సరైన కారణం ఉందని మీరే చూపించుకోవాలి. కావాలని దాచిపెడితే న్యాయ సంహిత 239 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ.

విచిత్రం ఆ జాబితాలో ఉంది. హత్య ఉంది. దోపిడీ ఉంది. కిడ్నాప్, అల్లర్లు, దొంగనోట్లు, ఆహార కల్తీ కూడా ఉన్నాయి. హత్యాయత్నం లేదు! అంటే మీ కళ్ల ముందు పొడిచినవాడు చనిపోతే చెప్పాల్సిన బాధ్యత మీకు ఉంది, బతికితే ఈ సెక్షన్ కింద లేదు. ఇలా ఎందుకు రాశారో నాకు ఇప్పటికీ బోధపడదు. కొత్త చట్టం తెచ్చినప్పుడు సరిచేస్తారనుకున్నాను, చేయలేదు. మీ విషయంలో పొడిచింది ఇద్దరు, అతను బతికాడు. అయిదుగురు లేరు కాబట్టి అల్లర్ల సెక్షన్లు కూడా రావు. డబ్బు లాక్కోవడం కోసం పొడిచి ఉంటే మాత్రం అది దోపిడీ అవుతుంది, జాబితాలోకి వస్తుంది. పైగా 108 వచ్చింది, ఆసుపత్రి నుంచి పోలీసులకు కబురు వెళ్లే ఉంటుంది. అప్పటికే తెలిసిన నేరాన్ని నువ్వెందుకు మళ్లీ చెప్పలేదని దారిన పోయేవాడి మీద కేసు కట్టడం నా ప్రాక్టీసులో చూడలేదు.

పోలీసే మిమ్మల్ని సాయం అడిగితే కథ మారుతుంది. పారిపోతున్న నిందితుడిని పట్టుకోవడానికి, గొడవ ఆపడానికి కానిస్టేబుల్ సహాయం కోరితే, అది చేయదగిన పనే అయితే, మీరు చేయాలి. సురక్షా సంహిత 31 అదే చెబుతుంది. కత్తి పట్టుకున్నవాడికి ఎదురెళ్లమని దానికి అర్థం కాదు.

ఇక భయం సంగతి

చట్టం కన్నా జనాన్ని ఆపేది "ఎందుకొచ్చిన గొడవ" అన్న మాట. 2018 సెప్టెంబర్‌లో అత్తాపూర్‌లో పట్టపగలు, బండ్లు తిరుగుతుండగానే ఒక మనిషిని నడిరోడ్డు మీద నరికి చంపారు. 2022 మేలో సరూర్‌నగర్‌లో వేరే మతం అమ్మాయిని పెళ్లి చేసుకున్న యువకుడిని భార్య కళ్లెదుటే చంపారు. రెండిటి వీడియోలూ ఊరంతా తిరిగాయి. జనం ఎందుకు చూస్తూ ఉండిపోయారని టీవీల్లో చర్చ నడిచింది. అయితే అత్తాపూర్ వీడియోలో అడ్డుపడబోయినవాళ్లు కూడా కనిపిస్తారు. అది ఎవరికీ గుర్తుండదు.

ఈ భయం మూడు చోట్ల ఉంటుంది: ఆసుపత్రి, స్టేషన్, కోర్టు. మూడూ ఒకే రకం కావు.

ఆసుపత్రి భయానికి ఇప్పుడు చట్టంలో ఆధారం లేదు. "ఇది పోలీస్ కేసు, ఉస్మానియాకు తీసుకెళ్లండి" అనే మాట హైదరాబాద్‌లో అందరం విన్నదే. సరిగ్గా ఇలాంటి మాట మీదే సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసు తీర్పు ఇచ్చింది. ఒక స్కూటరిస్టును కారు గుద్దితే దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లారు. మెడికో లీగల్ (పోలీసు కేసుతో ముడిపడిన) కేసులు మేం చూడం, ఇరవై కిలోమీటర్ల దూరంలో ఇంకో ఆసుపత్రి ఉంది, అక్కడికి వెళ్లండి అన్నారు. దారిలోనే అతను చనిపోయాడు. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం నిలబెట్టాలి, పోలీసు లాంఛనాలు తర్వాత అని కోర్టు తేల్చి చెప్పింది. అది రోడ్డు ప్రమాదానికే కాదు, కత్తిపోటుకూ వర్తిస్తుంది. యాసిడ్ దాడి, అత్యాచార బాధితులకైతే ప్రతి ఆసుపత్రీ వెంటనే ఉచితంగా వైద్యం చేయాలని చట్టంలోనే రాసి ఉంది (సురక్షా సంహిత 397). చేయకపోతే ఆసుపత్రి నడిపేవాళ్లకు ఏడాది దాకా జైలు.

కౌంటర్ దగ్గర వాళ్లు కాదంటే గొడవ పెట్టుకోకండి. "డ్యూటీ డాక్టర్‌ను పిలవండి, చూడం అని కాగితం మీద రాసివ్వండి" అనండి. అలా రాసిచ్చినవాళ్లను నేను చూడలేదు. ఆలోగా 112కి ఫోన్ చేయండి.

ఆసుపత్రిలోని ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసుల) రిజిస్టర్లో "తీసుకొచ్చినవారు" అనే గడి ఒకటి ఉంటుంది. అక్కడ పేరు రాస్తే అయిపోయాం అనుకుంటారు. ఆ గడి చెప్పేది ఫలానా మనిషి తీసుకొచ్చాడని మాత్రమే. బిల్లు కట్టాలని కాదు, నిందితుడని అంతకన్నా కాదు.

స్టేషన్: రోడ్డు ప్రమాదానికీ కత్తిపోటుకూ తేడా

వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు ఇక్కడే జనాన్ని తప్పుదారి పట్టిస్తాయి. "గుడ్ సమారిటన్ చట్టం వచ్చింది, పేరు కూడా చెప్పక్కర్లేదు" అంటాయి. వచ్చిన మాట నిజం. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ వేసిన కేసులో 2016 మార్చిలో సుప్రీంకోర్టు కేంద్రం మార్గదర్శకాలను అందరూ పాటించి తీరాలని చెప్పింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి 134ఏ సెక్షన్ వచ్చింది. గాయపడినవాడిని ఆసుపత్రికి చేర్చి వెంటనే వెళ్లిపోవచ్చు, పేరు చెప్పడం మీ ఇష్టం, డబ్బు కట్టమనకూడదు, సివిల్ గానీ క్రిమినల్ గానీ బాధ్యత ఉండదు. ఇప్పుడు కేంద్రం ఇరవై అయిదు వేల రూపాయల బహుమతి కూడా ఇస్తోంది.

కానీ ఆ సెక్షన్ మోటారు వాహన ప్రమాద బాధితుల గురించి మాత్రమే. కత్తిపోటు బాధితుడిని తీసుకెళ్లినవాడికి అంత స్పష్టంగా రాసిన రక్షణ లేదు. పోలీసులు చాలామంది అదే పద్ధతి పాటిస్తారు, మర్యాదగానే పంపేస్తారు. కానీ అది వాళ్ల మంచితనం, మీ హక్కుగా రాసిపెట్టింది కాదు. నేరం కళ్లారా చూసిన మనిషిని దర్యాప్తు అధికారి పిలవగలడు. సురక్షా సంహిత 179 కింద నోటీసు ఇస్తే వెళ్లాలి. ఆడవాళ్లను, 15 ఏళ్లలోపు, 60 దాటిన మగవాళ్లను, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లను స్టేషన్‌కు రమ్మనకూడదు, వాళ్ల ఇంటికే వచ్చి అడగాలి. మీరు చెప్పింది పోలీసులు రాసుకుంటారు. దాని కింద మీ సంతకం అక్కర్లేదు, పెట్టమన్నా పెట్టకండి.

మంచి చేసినవాడికి కష్టం రాదని నేను అబద్ధం చెప్పను. నా దగ్గరికి వచ్చిన ఒక ఆటో డ్రైవర్ కథ వినండి. కడుపులో కత్తి దిగిన కుర్రాణ్ని మలక్‌పేట వైపు ఎక్కించుకుని ఆసుపత్రికి చేర్చాడు, కుర్రాడు బతికాడు. సీటు నిండా రక్తం. ఆధారాలు సేకరించాలని ఆటోను స్టేషన్‌కు తీసుకెళ్లారు, తర్వాత మర్చిపోయారు. రోజూ సాయంత్రం వెళ్లి నిలబడేవాడు, రేపు రా అనేవాళ్లు. కిరాయి ఆటో, యజమానికి రోజువారీ డబ్బు కట్టాలి. చివరికి కోర్టులో పిటిషన్ వేస్తే (పాత సీఆర్‌పీసీ 451, ఇప్పటి సురక్షా సంహిత 497) పూచీకత్తు మీద విడిపించాం. మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే అంత దూరం వెళ్లేది కాదు. సీటు కవర్ కోసి తీసుకుని, ఫొటోలు తీసి, పంచనామా రాసి బండి ఇచ్చేయమని అడగొచ్చు. ఆటోవాళ్లు, క్యాబ్‌వాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

మీరు భయపడుతున్న "మనల్నే నిందితుడిగా పెడతారు" అన్నది మాత్రం, తీసుకెళ్లి సాయం చేసినవాడి విషయంలో నా కేసుల్లో ఎదురుకాలేదు. హైదరాబాద్‌లో కెమెరా లేని మూల తక్కువ. ఎవరు పొడిచారో, ఎవరు పట్టుకుని లేపారో అందులో కనిపిస్తుంది. ఎవరు వీడియో తీసి వెళ్లిపోయారో కూడా కనిపిస్తుందని మీకు వేరే చెప్పక్కర్లేదు. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేలోపు మీరే వెళ్లడం మేలు అని నేను అనడానికి అదొక కారణం.

కోర్టు: అసలు భారం ఇక్కడే

ఇక్కడ మీకు ధైర్యం చెప్పలేను, నిజం చెబుతాను. సాక్షికి సమన్లు రెండు మూడేళ్ల తర్వాత రావచ్చు. వాయిదాకు వెళ్తే జడ్జి సెలవు, నిందితుడు రాలేదు, లాయర్ టైం అడిగాడు. (ఆ టైం అడిగేది చాలాసార్లు నాలాంటివాళ్లే.) ఆఫీసులో సెలవు పెట్టి వచ్చినవాడికి బత్తా కింద చేతిలో పెట్టే డబ్బు క్యాబ్‌కు కూడా సరిపోదు. అందుకే సగం మంది సాక్షులు హాస్టైల్ అవుతారు, అంటే ముందు చెప్పిన మాట కోర్టులో మార్చేస్తారు. నిందితులు బెదిరించినందుకే అనుకుంటారు అందరూ. చాలామందిది విసుగు.

నిజంగా బెదిరింపులుంటే 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఉంది. జిల్లా జడ్జి అధ్యక్షుడిగా ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్, ప్రభుత్వం తరఫు లాయర్) ద్వారా పెట్టుకుంటే పని తొందరగా కదులుతుంది.

క్రాస్ ఎగ్జామినేషన్ అంటే భయపడేవాళ్లకు ఒక కేసు చెబుతాను. ఒక పాన్ డబ్బా యజమాని. అతని డబ్బా ముందే ఒక మనిషి పొడిపించుకుని పడిపోయాడు. ఇతను దగ్గరికి వెళ్తే ఆ మనిషి "మా చిన్న బావమరిది పొడిచాడు" అన్నాడట. ఆసుపత్రికి చేరేలోపు చనిపోయాడు. పొడిచేటప్పుడు ఎవరూ ముఖం చూడలేదు, కెమెరాలో వీపు మాత్రమే పడింది. కేసు మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడింది. చనిపోయేవాడు తన చావుకు కారణం ఏమిటో చెప్పిన మాట మరణ వాంగ్మూలం అవుతుంది. అది మేజిస్ట్రేటుకో డాక్టరుకో చెప్పాలని లేదు, పాన్ డబ్బావాడికి చెప్పినా చెల్లుతుంది. సాక్ష్య చట్టం మారినా ఈ నియమం మారలేదు, ఇప్పుడది సాక్ష్య అధినియం 26లో ఉంది.

నేను ఆ బావమరిది తరఫు లాయర్‌ను. వెలుతురు ఎంత ఉంది, ఎంత దూరంలో ఉన్నావు, అప్పుడు షాపులో గిరాకీ ఉందా, పోలీసులకు వెంటనే ఎందుకు ఫోన్ చేయలేదు అని గంటకు పైగా అడిగాను. చివరి ప్రశ్నకు "భయమేసింది మేడమ్, షట్టర్ దించుకుని కూర్చున్నాను, పొద్దున వెళ్లి చెప్పాను" అన్నాడు. వినపడని మాట వినపడిందని అనలేదు. కత్తి చూశావా అంటే చూడలేదన్నాడు. పొడిచినవాణ్ని గుర్తుపడతావా అంటే లేదన్నాడు. చూసింది చూశానని, చూడనిది చూడలేదని చెప్పేవాణ్ని ఏ లాయరూ కదిలించలేడు. నా క్లయింట్‌కు యావజ్జీవం పడింది. లాయర్లకు దొరికేది కథకు రంగులద్దిన సాక్షే. పొడిచినవాడి చొక్కా రంగు, బూట్లు, బండి నంబరు అన్నీ చూశానని చెప్పినవాణ్ని ఆ బండి నంబరు దగ్గరే పట్టుకుంటాం.

అందుకే గాయపడినవాడి పక్కన ఉన్నవాళ్లు చేయగలిగిన పెద్ద సాయాల్లో ఒకటి, అతను ఏమన్నాడో అతని మాటల్లోనే గుర్తుపెట్టుకోవడం. తర్వాత ఫోన్లో టైంతో సహా రాసిపెట్టుకోండి. "ఎవరు కొట్టారు? వాడేనా?" అని మీరు పేరు అందించి అడగకండి. అలా అడిగిన సమాధానానికి కోర్టులో విలువ పడిపోతుంది.

వీడియో గురించి

డిలీట్ చేయొద్దన్నాను. సాక్ష్యంగా పనికొస్తుందని తెలిసి, కోర్టుకు చేరకుండా చేయాలని ఎలక్ట్రానిక్ రికార్డును చెరిపేయడం న్యాయ సంహిత 241 కింద నేరం. నిందితుడిని కాపాడాలని ఆధారం మాయం చేస్తే 238. మీకు అలాంటి ఉద్దేశం లేదని నాకు తెలుసు, కానీ ఇప్పుడు డిలీట్ చేస్తే ఆ ఉద్దేశం లేదని తర్వాత ఇంకొకరికి చెప్పుకోవాల్సి రావచ్చు. చేయని నేరానికి భయపడి కొత్త నేరం నెత్తిన వేసుకోవద్దు.

కట్ చేయకండి, పేరు మార్చకండి, ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. వాట్సాప్‌లో పంపితే ఫైల్ కుదించుకుపోతుంది, తారీఖు వివరాలు పోతాయి. ఒరిజినల్ ఫోన్లోనే ఉండాలి. దాన్ని సాక్ష్యంగా పెట్టడానికి సాక్ష్య అధినియం 63 కింద ఒక సర్టిఫికెట్ కావాలి, అది పోలీసులే తయారు చేయిస్తారు. ఫోన్ లాగేసుకుంటారని భయమైతే, "మీ ముందే కాపీ చేసుకోండి, సర్టిఫికెట్ మీద సంతకం పెడతాను" అని అడగండి. అయినా ఫోనే కావాలంటే పంచనామా రాయించి రసీదు తీసుకోండి. ఆటో లాగే ఫోన్ కూడా 497 కింద తిరిగి వస్తుంది, కాకపోతే కొన్ని వారాలు పడుతుంది. ముందే కాంటాక్టులు, బ్యాంకు యాప్‌లు ఇంకో ఫోన్లోకి మార్చుకోండి.

సోషల్ మీడియాలో పెట్టడం గురించి అయితే, అత్యాచార బాధితురాలిని గుర్తుపట్టే వీడియో పెడితే అదే నేరం. మిగతా కేసుల్లో కూడా నిందితుడి ముఖం ముందే ఊరంతా చూసేస్తే, తర్వాత జైల్లో జరిపే గుర్తింపు పరేడ్ దెబ్బతింటుంది. ఆ పాయింట్ మీద నేనే కేసులు గెలిచాను.

రక్తం కడిగేయడం కూడా ఇలాంటిదే. కూకట్‌పల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో భర్త కొట్టిన దెబ్బకు ఒకావిడ మెట్ల మీద పడి తల పగిలింది. అరుపులు ఫ్లోర్ అంతా వినపడ్డాయి, ఎవరూ తలుపు తీయలేదు. తెల్లారేసరికి అసోసియేషన్ వాళ్లు చెప్పారని వాచ్‌మన్ ఫినాయిల్‌తో మెట్లు కడిగేశాడు. ఆధారాలు మాయం చేశాడని కేసు కట్టింది వాచ్‌మన్ మీద. చివరికి విడుదలయ్యాడు, కానీ అప్పటిదాకా వాయిదాలకు తిరిగాడు. కడగమన్నవాళ్లు ఒక్కరూ కోర్టు మెట్లెక్కలేదు.

పక్కింట్లో గొడవ అని తలుపు వేసుకునేవాళ్లకు తెలియాల్సింది ఇంకోటుంది. గృహహింస చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఎవరైనా సంరక్షణ అధికారికి సమాచారం ఇవ్వొచ్చు. మంచి ఉద్దేశంతో ఇస్తే సివిల్‌గా గానీ క్రిమినల్‌గా గానీ ఏ బాధ్యతా రాదని అందులోనే రాసి ఉంది. కత్తిపోటుకు లేని రక్షణ ఇక్కడ ఉంది, వాడుకునేవాళ్లే లేరు.

అడ్డుపడొచ్చా?

పడొచ్చు, పడాలని లేదు. ఆత్మరక్షణ హక్కు మీ శరీరానికే కాదు, ఇంకొకరి శరీరానికీ వర్తిస్తుంది (న్యాయ సంహిత 35). ఎదుటివాడిని చంపేసేలా దాడి జరుగుతుంటే, దాన్ని ఆపడానికి అవసరమైనంత బలం వాడొచ్చు. నాన్ బెయిలబుల్ (బెయిల్ హక్కుగా దొరకని), కాగ్నిజబుల్ (పోలీసులు వారంట్ లేకుండా అరెస్టు చేయగల) నేరం మీ ముందే చేసినవాణ్ని మామూలు మనిషి కూడా పట్టుకోవచ్చు, ఆరు గంటలలోపు పోలీసులకు అప్పగించాలి. కానీ దాడి ఆగి, వాడు దొరికిపోయాక చేయి చేసుకుంటే ఆ హక్కు అక్కడితో అయిపోతుంది. స్తంభానికి కట్టేసి కొట్టినవాళ్ల తరఫున నేను బెయిల్ పిటిషన్లు వేశాను. "సార్, వాడు దొంగ" అంటే జడ్జి వినడు.

ఆయుధం ఉన్నవాడి ముందుకు వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. గట్టిగా అరవండి, బండ్ల హారన్లు కొట్టించండి, 112కి చేయండి. దాడి చేసినవాళ్లు వెళ్లిపోయాక మాత్రం దగ్గరికి వెళ్లండి. దిగిన కత్తి లాగకండి, శుభ్రమైన గుడ్డతో గాయం చుట్టూ అదిమి పట్టండి, నీళ్లు తాగించకండి. 108 ఆలస్యమయ్యేలా ఉంటే దొరికిన బండిలో దగ్గరి ఆసుపత్రికి.

మీరు ఇప్పుడు చేయాల్సింది

ఆ ఏరియా స్టేషన్‌కు వెళ్లి ఇన్‌స్పెక్టర్‌ను గానీ ఆ కేసు దర్యాప్తు చేస్తున్న ఎస్సైని గానీ కలవండి. "ఆ రోజు నేను అక్కడున్నాను, ఇంత చూశాను, వీడియో ఉంది" అని చెప్పండి. ఎందుకు వెళ్లిపోయావంటే భయమేసిందని చెప్పండి, అది నేరం కాదు. ఒంటరిగా వెళ్లడానికి ఇబ్బందైతే తెలిసిన లాయర్‌ను వెంట తీసుకెళ్లండి, చాలామంది జూనియర్లు ఇలాంటి వాటికి ఫీజు కూడా అడగరు. ఆఫీసు అడ్రస్ కాకుండా ఇంటి అడ్రస్, మీరు ఎప్పుడూ వాడే ఫోన్ నంబరు ఇవ్వండి. రేపు ఇల్లు మారితే వాళ్లకు చెప్పండి. సమన్లు పాత ఇంటికి వెళ్లి తిరిగొస్తే వారంట్ వచ్చే అవకాశం ఉంది, అనవసరమైన టెన్షన్.

గాయపడిన అతని ఇంటివాళ్లు మీకు ఎదురుపడితే ఇదీ చెప్పండి: నేర బాధితులకు పరిహారం ఉంటుంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవాలి (సురక్షా సంహిత 396). నిందితులు దొరక్కపోయినా పెట్టుకోవచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ, డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు దాచిపెట్టుకోమనండి. బిల్లులు పోయాయని మా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది.